వెలుగు వంపును బట్టి గెలాక్సీని తూచడం

"కృష్ణ పదార్థం కంటికి కనబడదు కదా, గెలాక్సీలో ద్రవ్యరాశి ఎక్కడ ఎంత ఉందో వంగిన కాంతిని చూసి చెబుతారంటే నమ్మవచ్చా?" అని అడిగారు. నిస్సందేహంగా నమ్మవచ్చు. గెలాక్సీలోని ద్రవ్యరాశి, వెలిగే నక్షత్రాలదైనా వెలుగే ఇవ్వని కృష్ణ పదార్థానిదైనా, వెనకనుంచి వచ్చే కాంతిని తన గురుత్వంతో వంచుతుంది; ఆ వంపే దాని లెక్క చెబుతుంది. గెలాక్సీలను తూచడానికి ఇంతకన్నా నికార్సైన పద్ధతి లేదని నా అభిప్రాయం. నక్షత్రాల వెలుగును బట్టి బరువు కట్టడమంటే పెళ్లింటి దీపాలు లెక్కపెట్టి ఆస్తి అంచనా వేసినట్టే.

నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇంటర్ చదివే మా మేనకోడలు కిందటి వేసవిలో వనస్థలిపురంలోని మా ఇంటికి వచ్చి ఇదే ప్రశ్న వేసింది. బేగంబజారులో కొన్న కాడ గ్లాసు ఒకటి ఆటోలో విరిగి, గుండ్రటి అడుగు మాత్రం మిగిలింది. కాడ విరిగిన చోట గరుకు కాగితంతో రుద్ది ఆమె చేతికిచ్చాను. గ్రాఫు కాగితం మీద ఎర్ర చుక్క పెట్టి, ఆ అడుగును కొంచెం ఎత్తులో పట్టుకుని పైనుంచి చూడమన్నాను. చుక్క సరిగ్గా నడిమధ్యకు రాగానే వలయమైంది. గాజు కాస్త పక్కకు జరిగితే వలయం తెగి, అటొకటి ఇటొకటి రెండు చాపాలయ్యాయి. 1979లో పక్కపక్కన కనిపించిన రెండు క్వేజార్లు (సుదూర గెలాక్సీల నడుమ మహా కాంతితో వెలిగే కేంద్రాలు) నిజానికి ఒక్కటేనని తేలిందే, అది ఇదే సంగతి.

ఆ పిల్ల చుక్కను వదిలేసి గళ్లను చూడసాగింది. "మామయ్యా, మధ్యలో గళ్లు బాగా సాగాయి, అంచున కొద్దిగానే ఒరిగాయి. అంటే గాజు మధ్యలో మందం, అంచున పలచన, అంతేనా?" అంది. గాజును తడిమి చూడకుండానే మందం చెప్పేసింది! గాజు మందం ఉన్న చోట ద్రవ్యరాశి అనుకోండి, మీ ప్రశ్నకు జవాబు అదే. ఆకాశంలో కనిపించే వలయం వ్యాసార్థం, గెలాక్సీకీ దాని వెనకున్న వెలుగుకూ ఉన్న దూరాలు తెలిస్తే వలయం లోపలి మొత్తం ద్రవ్యరాశి వస్తుంది. అవే దూరాలకు వలయం రెండింతలైతే ద్రవ్యరాశి నాలుగింతలు. బయటి అంచుల్లో ఒరుగు మరీ స్వల్పం కాబట్టి ఒక్క గడి చాలదు, వేల నేపథ్య గెలాక్సీల సగటు తీయాలి.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. గురుత్వ కటకం, అంటే ఇలా కాంతిని వంచే గెలాక్సీ, అనగానే చాలామంది కుంభాకార కటకం బొమ్మ గీస్తారు. అది శుద్ధ తప్పు! కుంభాకార కటకం అంచున ఎక్కువ వంచుతుంది, గెలాక్సీ నడుమకు దగ్గరగా వెళ్లే కిరణాన్నే ఎక్కువ వంచుతుంది. అందుకే గెలాక్సీకి కిరణాలన్నీ కలిసే ఒకే నాభి ఉండదు. కోచింగు కేంద్రాల్లో సూత్రాలు వల్లెవేయించే బదులు ఒక్క పూట పిల్లల చేతికి గాజుముక్క ఇస్తే ఈ పొరపాటు పుట్టదు.

2025లో ప్రకటించిన యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోపు ఫలితం చూడండి. 59 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 6505 గెలాక్సీ చుట్టూ చక్కటి వలయం దొరికింది. దాని లోపలి ద్రవ్యరాశిలో కృష్ణ పదార్థం దాదాపు 11 శాతమే. నడుమ నక్షత్రాలదే పెత్తనం, కృష్ణ పదార్థం రాజ్యం వెలుపల.

మీరూ చేసి చూస్తానంటే, అడుగు బల్లపరుపుగా ఉన్న గ్లాసు తీసుకోకండి. కాడ దగ్గర మందంగా ఉండి అంచుకు పలచబడేదే అడగండి.