ఓబద్యా 14వ వచనం దగ్గర నేను ఆగిపోయాను

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ పెదనాన్నగారు ఆస్తి పంపకంలో మీ నాన్నగారిని మోసం చేశారు. మీరు బైబిల్లో యెహెజ్కేలు 35వ అధ్యాయం, ఓబద్యా పుస్తకం చదివారు. రెండూ ఇశ్రాయేలు పొరుగు జనమైన ఎదోము మీద దేవుని తీర్పు గురించినవి. ఎదోముకు తీర్చినట్టే మీ పెదనాన్నకు కూడా దేవుడు తీర్పు తీరుస్తాడని ఎదురుచూడటం తప్పా అని అడిగారు. నేను పాస్టర్‌ని కాను. ఇదే ఆశతో పదహారేళ్ళు బతికినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందుగా, ఆ కథలో మోసపోయింది ఎవరో ఒకసారి చూడండి. ఎదోమీయులు ఏశావు సంతానం, ఇశ్రాయేలీయులు అతని కవల తమ్ముడు యాకోబు సంతానం. చూపు మందగించిన తండ్రి దగ్గరికి, చేతులకు మేకపిల్లల చర్మం కట్టుకొని వెళ్ళి దీవెన పట్టుకుపోయింది యాకోబు. అంటే మీ నాన్నగారి స్థానంలో ఉన్నవాడు ఏశావు! ఆ తర్వాత కూడా ఎదోముకు దెబ్బలు తగిలాయి. దావీదు కాలంలో అతని సేనాధిపతి యోవాబు ఆరు నెలలు అక్కడే ఉండి మగవాళ్ళను చంపాడని 1 రాజులు 11లో ఉంది. యూదా రాజు అమజ్యా ఉప్పు లోయలో పది వేల మంది ఎదోమీయులను చంపాడు. ఎదోము పగకు కారణాలు లేవని బైబిల్ ఎక్కడా అనదు. నాకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మరి తీర్పు దేనికి వచ్చింది? ఆ పగను ఆరిపోనివ్వకుండా కాపాడుకున్నందుకు. యెహెజ్కేలు దాన్ని ఎడతెగని పగ అంటాడు. ఆమోసు మొదటి అధ్యాయంలో కూడా ఇదే ఫిర్యాదు: జాలి మానుకొని కత్తితో తమ్ముణ్ణి తరిమాడు, కోపాన్ని ఎప్పటికీ విడవలేదు. నిజానికి ఏశావు తానే విడిచిపెట్టాడు. ఆదికాండం 33లో ఎదురు పరుగెత్తి యాకోబును కౌగిలించుకుని ఏడ్చాడు. తాత దించేసిన బరువును మనవలు మళ్ళీ ఎత్తుకున్నారు. అటువైపు ఇశ్రాయేలీయులకు కూడా ధర్మశాస్త్రం గట్టిగానే చెప్పింది: ఎదోమీయుణ్ణి అసహ్యించుకోవద్దు, అతడు నీ సహోదరుడు (ద్వితీయోపదేశ కాండం 23:7).

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును కూల్చినప్పుడు ఎదోము ఏం చేసిందో ఓబద్యా వరసగా చెబుతాడు. ఇరవై ఒక్క వచనాల చిన్న పుస్తకం, అయినా అందులో మెట్లు చూడండి. మొదట దూరంగా నిలబడ్డారు. తర్వాత చూసి సంతోషించారు. తర్వాత గుమ్మం దాటి లోపలికి వెళ్ళి సొమ్ము మీద చెయ్యి వేశారు. చివరికి, 14వ వచనంలో, అడ్డదారుల్లో కాపు వేసి పారిపోతున్నవాళ్ళను పట్టి ఇచ్చారు.

నేను ఆగిపోయింది అక్కడే.

మా తాతకు కంటి శుక్లాలు. ఆయన వేలిముద్ర వేయించుకుని మా బాబాయి రెండెకరాల మాగాణి తన పేరున రాయించుకున్నాడు. రెండు ఇళ్ళ మధ్య మాటలు పోయాయి. పెళ్ళిళ్ళకు, చావులకు కూడా పోలేదు. కుటుంబ ప్రార్థనలో మా నాన్న రోజూ, ప్రభువా నీవే చూడు అనేవాడు. మేమందరం ఆమెన్ అనేవాళ్ళం. ఒక ఏడు బాబాయి మిరప కల్లంలోనే వానకు తడిసి బూజు పట్టింది. ట్రాక్టర్ వాయిదాలు ఆగిపోయాయి. ఫైనాన్స్ వాళ్ళు వస్తారనే టెన్షన్‌తో దాన్ని పక్క ఊళ్ళో పిన్ని వాళ్ళ అన్నయ్య కొట్టంలో దాచాడు. ఒక సాయంత్రం సెంటర్లో టీ తాగుతుంటే ఇద్దరు బైక్ మీద వచ్చి అడిగారు. నేను ఊరి పేరు, కొట్టం గుర్తులు చెప్పాను. ఇంటికొచ్చి నాన్నకు చెబితే నవ్వాడు. అమ్మ నవ్వలేదు. దేవుడే తీర్చాడని ఆ రాత్రి స్తుతి పాట పాడుకున్నాం.

చాలా ఏళ్ళ తర్వాత, నాన్న పోయాక, బైబిల్ స్టడీలో ఓబద్యా చదివే వంతు నాకు వచ్చింది. 14వ వచనం దగ్గర గొంతు పెగల్లేదు. ఆ సెంటర్, ఆ టీ గ్లాసు, ఆ బైకు కళ్ళ ముందుకొచ్చాయి. పక్కన కూర్చున్న అక్క మిగతా వచనాలు చదివింది.

యెహెజ్కేలు 35:5 ఇంకోసారి చూడండి. ఇశ్రాయేలు తన దోషానికి శిక్ష అనుభవిస్తున్న సమయంలోనే ఎదోము వాళ్ళను కత్తికి అప్పగించిందని ఉంటుంది. అంటే ఆ పాటికే దేవుడు లెక్క చూస్తున్నాడు. అందులో చెయ్యి పెట్టినవాడి లెక్క వేరే మొదలైంది. నీవు చేసినట్టే నీకూ జరుగుతుందని ఓబద్యా 15 చెప్పేది మోసం చేసినవాడికి కాదు, మోసపోయినవాడి వంశానికి. నేను ఆ వచనాన్ని ఏళ్ళ తరబడి బాబాయి మీదికి గురిపెట్టి చదివాను.

చరిత్రలో ఏమైందంటే, క్రీ.పూ. 6వ శతాబ్దం మధ్యలో బబులోను రాజు నబోనిదు ఎదోము మీదికి దండెత్తాడు. ఇప్పటి దక్షిణ జోర్దానులో సెలా కొండరాతి మీద బబులోను రాజు చెక్కడం ఇంకా ఉంది. తర్వాత ఆ నేల నబాతీయులనే అరబ్బు జాతి చేతికి వెళ్ళింది. పవిత్ర దేశ యాత్రకు వెళ్ళే మనవాళ్ళు పెట్రాలో ఫొటోలు దిగేది ఆ నబాతీయుల చెక్కడాల ముందే, ఎదోమీయులవి కావు. దక్షిణ యూదాలో స్థిరపడిన ఎదోమీయులు ఇదూమయులయ్యారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో యూదుల పాలకుడు యోహాను హిర్కాను వాళ్ళను జయించి సున్నతి చేయించుకొమ్మన్నాడు. హేరోదు రాజు తండ్రి ఆ జాతివాడే. క్రీ.శ. 70 తర్వాత ఆ జనం పేరు చరిత్రలో దాదాపు వినబడదు. యాకోబు ఇంటిని లేకుండా చేయాలనుకున్నవాళ్ళు చివరికి ఆ ఇంట్లోనే కలిసిపోయారు.

ఇక మీరు అడిగినదానికి నా జవాబు. న్యాయం కోసం దేవుణ్ణి అడగడం తప్పు కాదు. 137వ కీర్తనలో, యెరూషలేము కూలిన రోజున ఎదోము అన్న మాటలు జ్ఞాపకం చేసుకోమని చెరలోని జనమే దేవుణ్ణి అడిగారు. కోర్టులో దావా వేయండి, అందులో పాపం లేదు. కానీ మీ పెదనాన్న ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందని విన్నప్పుడు మీ లోపల ఏం కదులుతుందో చూసుకోండి. నీ శత్రువు పడినప్పుడు సంతోషించవద్దనే సామెతలు 24:17 దాని గురించే.

పోయిన వేసవిలో బాబాయి ఇంటికి వెళ్ళి, ఆ రోజు కొట్టం చూపించింది నేనేనని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ సంగతి అన్నయ్యకు తెలుసా?" అని ఒక్కటే అడిగాడు. నాన్నకు తెలుసన్నాను. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పిన్ని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. వచ్చే నెలలో మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి అమ్మ కూడా వస్తానంది.