దీవుల్లో పక్షుల కోసం ఎలుకల్ని, పిల్లుల్ని చంపుడు న్యాయమేనా?

ఈ ప్రశ్న అడిగినాయన కింద ఇంకో లైన్ కూడ రాసిండు, "సైంటిస్టులకు పక్షిది ఒక్కటే ప్రాణమా, ఎలుకది కాదా" అని. నిజం చెప్తున్న, 2017 దాక నేను కూడ అచ్చం ఇట్లనే మాట్లాడేటోణ్ణి. ఆ ఏడాది ఎండాకాలం నుంచి మూడు నెలలు అండమాన్‌ల పక్షుల లెక్క రాసే పనికి పోయిన. సైంటిస్టుగ కాదు లెండి, ఫీల్డ్ అసిస్టెంట్‌గ, అంటే బ్యాగులు మోసుడు, జీపీఎస్ పట్టుకునుడు, మాపటికి పప్పు వండుడు. ఇప్పుడైతే మాదాపూర్‌ల టెస్టింగ్ జాబ్, పక్షులకూ నాకూ సంబంధం బాల్కనీ దాకనే. కాబట్టి ఇది ఎక్స్‌పర్ట్ జవాబు కాదు, కానీ తప్పు జవాబు మాత్రం కాదు.

ఉస్మానియాల జువాలజీ ఎమ్మెస్సీ అయిపోయి ఖాళీగ తిరుగుతుంటే ఒక ప్రాజెక్టుల చాన్సు దొరికింది. అండమాన్ అనంగనే మా అమ్మ "ఏం తప్పు చేసినవ్‌రా" అన్నది, ఆమెకు అండమాన్ అంటే జైలు ఒక్కటే తెలుసు. జీతం నెలకు పన్నెండు వేలు, అందుల మూడో నెలది ఆర్నెల్లకు పడ్డది, అది కూడ నేను రోజు విడిచి రోజు మెయిల్ కొడితే. దేశంల వైల్డ్‌లైఫ్ రీసెర్చ్ అంత ఇట్లాంటి పోరగాళ్ల అప్పుల మీదనే నడుస్తున్నదని నా గట్టి నమ్మకం, ఫొటోల పడేది మాత్రం పెద్ద సార్లు. సరే అది వేరే పంచాయితీ.

క్యాంపు మాయాబందర్ దగ్గర ఒక ఊరి అంచుల. అక్కడ అయిదు కొట్టకముందే తెల్లారిపోతది. మా పని ఏందంటే అడవిల గుర్తుపెట్టిన ఒక్కో జాగల పది నిమిషాలు కదలకుండ నిలబడాలె, ఏ పిట్ట కనబడ్డది, ఏది ఒర్రింది, ఎంత దూరంల, అన్నీ రాసుకోవాలె. కదలకుండ అంటే నిజంగనే కదలకుండ, కాలికి జలగలు ఎక్కుతున్నా సరే. మొదటి వారం నాకు అన్ని పిట్టలు ఒక్కతీరుగనే వినబడ్డయ్, తర్వాత్తర్వాత చెవి పడ్డది. నల్లటి అండమాన్ వడ్రంగి పిట్ట చెట్టును కొడుతుంటే మన దిక్కు గడియ పెట్టిన తలుపును ఎవరో బాదుతున్నట్టే ఉంటది. ఆ పిట్ట ఆ దీవుల్ల తప్ప లోకంల ఇంకెక్కడ లేదు.

ఇగ అసలు సంగతికొస్త. మే నెలాఖరుకు అక్కడ వానలు మొదలైనయ్. మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి నేను గుడారంల పండుకొని ఉన్న, బయట ఒక్కసారిగ బోదురు కప్పలు అందుకున్నయ్. మీరు నమ్మరు గానీ నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మాది ఉప్పల్ దిక్కు, చిన్నప్పుడు మా బస్తీ వెనక చెరువు ఉండె, తొలకరి పడ్డ రాత్రి మొత్తం ఇదే కచేరి. మా తాత అరుగు మీద కూసొని "ఇగ వానకాలం వచ్చింది" అని కప్పలు చెప్తేనే నమ్మేటోడు, టీవీల వార్తలు చెప్తే కాదు. మేము టార్చిలైట్లు పట్టుకొని ఉరికేటోళ్లం, మగకప్పలు ఒళ్లంత పసుపు పూసుకున్నట్టు, గొంతు కింద రెండు నీలం బుగ్గలు ఉబ్బిచ్చుకుంట. తర్వాత ఆ చెరువుల మట్టి పోసిండ్రు, ఇండ్లు లేసినయ్, నేను ఇంటర్‌కు వచ్చేసరికే కప్పల ముచ్చట లేదు. అట్లాంటిది సముద్రం నడిమిట్ల, ఇంటికి దాదాపు పదహారు వందల కిలోమీటర్ల అవతల, మా చెరువు కప్ప ఒర్రుతుంటే ఎట్లుంటది చెప్పండి. ఫోన్ల రికార్డ్ చేసిన అమ్మకు పంపుదామని. పోలే, అప్పటికి అండమాన్‌కు సముద్రం కింద కేబుల్ కూడ లేదు, అది 2020ల వచ్చింది, అప్పుడు ఒక్క వాట్సాప్ మెసేజ్ పోవాలంటే గుట్ట ఎక్కాలె.

తెల్లారి ఆ సప్పుడు వచ్చిన దిక్కుకు పోయి చూసిన. ఒక ముసలాయన ఇంటి వెనక చేపల గుంట. ఆయన శ్రీకాకుళం నుంచి చిన్నప్పుడే వచ్చినోడట, నేను తెలుగు అని తెలవంగనే "ఏ ఊరు బాబూ మీది" అని కుర్చీ ఏసి చాయ్ పెట్టిచ్చిండు. మాట్లాడుతుంటే గుంట గట్టు మీద కూకుండిన కప్ప ఒకటి కనబడ్డది, ఇంత పెద్దది, అరచెయ్యి పట్టది. దాని నోట్లకెళ్లి రెండు చిన్న కాళ్లు బయటికి కొట్టుకుంటున్నయ్. బాతుపిల్ల. కప్ప ముందరి చేతులతోటి లోపలికి కుక్కుకుంటున్నది, మనం జొన్నరొట్టె పెద్ద ముక్క నోట్ల పెట్టుకొని వేలుతోని నెట్టినట్టు. ముసలామె కట్టెతోని ఉరికొచ్చింది, కప్ప వదల్లే, నోరు ముయ్యకుండనే గుంటల దుంకింది. ముసలాయన చాయ్ గ్లాసు కింద పెట్టి "ఇది అయిదోది బాబూ, కోడిపిల్లల్ని కూడ మింగీసింది" అన్నడు.

క్యాంపుకు పోయి మా పీహెచ్‌డీ అక్కకు చెప్పిన, బాతుపిల్ల సంగతి తర్వాత, ముందుగాల సంబురంగ "అక్కా ఇక్కడ మా ఊరి కప్పలున్నయ్" అని. ఆమె పుస్తకం మూసి "ఎక్కడ" అని అడిగింది, ఇంట్ల దొంగ పడ్డడంటే ఎట్ల అడుగుతరో అట్ల. అప్పటిదాక ఆ గుంటల ఉన్నట్టు వాళ్ల లెక్కల లేదు. జీపీఎస్ పట్టుకొని నడు అన్నది. దారిల చెప్పింది, ఈ కప్ప అండమాన్‌ది కానే కాదు, మెయిన్‌లాండ్ నుంచి చేపపిల్లల సంచుల్ల తోకకప్పలు కలిసి వచ్చినయని, ఒక్కో దీవికి పాకుతున్నదని. పెద్ద కప్ప బల్లుల్ని తింటది సరే, దాని తోకకప్పలు అంతకన్న ఘోరం, వేరే కప్పల తోకకప్పల్ని తింటయ్. దీని మీద పరిశోధన చేసినోళ్లు అక్కడి సొంత జాతుల తోకకప్పలతోని కలిపి పెంచి చూస్తే సొంత జాతులయి ఒక్కటి కూడ మిగల్లేదు. సున్న.

గుంట కాడ అక్క హిందీల అడుగుతుంటే ముసలాయన నా దిక్కు తిరిగి తెలుగుల చెప్పిండు, అది ఇప్పటికీ మర్చిపోలేదు. "ఆమెకి సెప్పకు బాబూ. నాలుగేళ్ల కిందట సేపపిల్లలు తెప్పించినాను, కవర్లో నల్లగ ఇంకేటో తిరుగుతున్నాయి. పారబోయడానికి మనసొప్పక, బతికితే బతకనీ అని గుంటలో ఒగ్గీసినాను." నేను అక్కకు చెప్పలే. రీసెర్చ్‌కు నేను చేసిన పెద్ద ద్రోహం అదే.

ఇప్పుడు మీ ప్రశ్న. న్యాయమా అంటే, న్యాయం సంగతి చంపేటప్పుడు కాదు, తెచ్చేటప్పుడు అడగాలె. దీవుల్ల జరిగిన నాశనంల సగం ఈ "బతికితే బతకనీ" దగ్గరనే మొదలైతది, మిగతా సగం "రెండు తెచ్చి వదిలితే ఏమైతది" దగ్గర. అండమాన్‌లనే నార్కొండం అని ఏడు చదరపు కిలోమీటర్లు కూడ లేని దీవి ఉన్నది, అగ్నిపర్వతం, అక్కడ ఒక హార్న్‌బిల్, అంటే పెద్ద ముక్కు పిట్ట, ఉన్నది, లోకంల ఇంకెక్కడ లేదు. అట్లాంటి జాగకు పోలీస్ అవుట్‌పోస్టోళ్ల కోసం మేకలు తెచ్చిండ్రు, అవి మొలక మొలకనూ మేసినయ్, తర్వాత వాటిని తీసెయ్యాల్సి వచ్చింది. వేరే అండమాన్ దీవుల్ల జింకల్ని బ్రిటిషోళ్లు తెచ్చి వదిలిండ్రు, అవి ఇప్పటికీ అడవి కిందంత మేస్తున్నయ్. ఇంటర్‌వ్యూ అని పేరున్న ఇంకో అండమాన్ దీవిల కలప కంపెనీ 1962ల దివాళా తీసి ఏనుగుల్ని అక్కడనే వదిలేసి పోయింది. ఏనుగుల్ని! మనం బైక్ పార్కింగ్‌ల వదిలేసి పోయినట్టు.

ఇంక గువామ్ అని పసిఫిక్‌ల దీవి, అమెరికాది, మన పాత జీహెచ్ఎంసీ కన్న చిన్నది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలిటరీ సామాన్ల ఒక చెట్టుపాము వచ్చింది. అక్కడ 12 రకాల అడవి పిట్టలుండె, 10 పోయినయ్. ఆ పాముల్ని చంపుడానికి ఇప్పుడు చచ్చిన చిట్టెలుకలకు పారాసిటమాల్ గోలీలు పెట్టి ఆకాశం నుంచి జారవిడుస్తున్నరు, మనం జ్వరానికి ఏసుకునే పారాసిటమాలే, పాముకు అది విషం. నవ్వొస్తది గానీ ఇప్పుడు అక్కడి అడవిల పొద్దుగాల నిలబడి పది నిమిషాలు లెక్క రాయమంటే నా కాగితం ఖాళీగ ఉంటది, అది తలుచుకుంటే నవ్వు పోతది.

1500 సంవత్సరం నుంచి అంతరించిన పక్షుల్ల దాదాపు 90 శాతం దీవులయే. ఎందుకంటే పిల్లిని, ఎలుకను చూస్తే ఉరకాలె అని వాటికి ఎవరూ నేర్పలే, కొన్నిటికి రెక్కలే సరిగ లేవు, గూడు నేల మీదనే, ఉరికినా ఎటు ఉరుకుతయ్, నాలుగు దిక్కుల నీళ్లే. ఎలుకకేమో మలక్‌పేట ఉన్నది, ముంబై ఉన్నది, లోకమంత దాని అత్తగారిల్లే. అందుకే ఒక ప్రాణానికి ఒక ప్రాణం అని లెక్క కడితే ఈ లెక్క ఎన్నటికీ తెగదు. దక్షిణ అట్లాంటిక్‌ల ఉన్న సౌత్ జార్జియా దీవిల ఎలుకల్ని పూర్తిగ తీసేసిండ్రు, 2018ల ఎలుకలు లేవని ప్రకటించిండ్రు, అక్కడ నేల మీద గూడు పెట్టే చిన్న పిట్టలు మళ్ల పెరిగినయ్. చంపినోళ్లకు సంతోషం ఉంటదనుకుంటున్నరా? మా పక్క క్యాంపుల కప్పల మీద పనిచేసేటాయన ప్రతి కప్ప నోట్ల నీళ్లు కొట్టి ఏం తిన్నదో కక్కిచ్చి చూసేటోడు, ఒక రోజు సగం అరిగిన బల్లి బయటపడ్డది, ఆ మాపు ఆయన అన్నం ముట్టలే. గమ్మత్తు ఏందంటే ఇదే కప్ప మన దగ్గర పొలంల పురుగుల్ని తింటదని దాని కాళ్ల ఎగుమతిని 1987ల దేశమే ఆపేసింది. అక్కడ విలను, ఇక్కడ హీరో. కప్ప అదే.

దయతోని ఎంత చెడగొట్టొచ్చో ఇంకొకటి చెప్త. న్యూజిలాండ్‌కు తూర్పు దిక్కున్న చాతమ్ దీవుల్ల బ్లాక్ రాబిన్ అని చిన్న పిట్ట, 1980ల లోకం మొత్తంల 5 మిగిలినయ్, అందుల పిల్లల్ని చెయ్యగలిగే ఆడది ఒక్కటే, ఓల్డ్ బ్లూ అని పేరు. డాన్ మెర్టన్ అనే ఆయన, ఆయన టీమ్ దాని గుడ్లు తీసి వేరే పిట్టల గూళ్లల్ల పొదిగిచ్చి జాతిని నిలబెట్టిండ్రు, ఇప్పుడున్న రెండు వందల చిల్లర పిట్టలు మొత్తం ఆ ఒక్క తల్లి సంతానమే. ఇంతవరకు అందరికీ తెలుసు. తర్వాతిది ఎవరూ చెప్పరు. కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూటి అంచు మీద పెట్టుడు మొదలుపెట్టినయ్, అది అక్కడ ఉంటే పొదగబడదు. పాపం అని మనుషులు ఆ గుడ్లను గూట్లకు నెట్టిండ్రు. ఆ పిల్లలు బతికినయ్, వాటికీ అదే అలవాటు వచ్చింది, కొన్నేండ్లకు సగం కంటే ఎక్కువ ఆడపిట్టలు అంచు మీదనే పెడుతున్నయ్! ఇగ నెట్టుడు బంద్ చేసిండ్రు, అప్పుడు అలవాటు తగ్గుకుంట వచ్చింది. పడిపోయే గుడ్డును చూసుకుంట చేతులు కట్టుకొని నిలబడ్డోళ్లకు ఎంత గుండె కావాలె.

అన్ని చోట్ల చంపుడే అని కూడ అనుకోకండి. అండమాన్ గుహల్ల ఉమ్మితోని గూడు కట్టే స్విఫ్ట్‌లెట్ పిట్టలుంటయ్, ఆ గూళ్లను చైనా సూపు కోసం దొంగతనంగ కోసి అమ్మేటోళ్లు. రవి శంకరన్ అనే శాస్త్రవేత్త 2001ల ఏం చేసిండంటే, ఆ కోసేటోళ్లకే జీతమిచ్చి గుహలకు కాపలా పెట్టిండు. ఏ గుహల ఎన్ని గూళ్లున్నయో వాళ్లకంటే బాగ ఎవరికి తెలుస్తది? పిట్టలు పెరిగినయ్ అక్కడ. ఆయన 2009ల చనిపోయిండు, మన దగ్గర ఆయన పేరు పది మందికి తెల్వదు, హార్న్‌బిల్ వార్తకు టూకాన్ అనే వేరే పిట్ట ఫొటో పెట్టే పేపర్లకు ఇవన్నీ ఏం తెలుస్తయ్.

చివరికి పావురాల ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హైదరాబాద్‌ల గింజలు చల్లి పుణ్యం కట్టుకునేటోళ్లందరికీ ఒక దండం. మా అపార్ట్‌మెంట్ల ఏసీ డబ్బాల మీద, లిఫ్ట్ మోటర్ మీద, అంత పావురాల రెట్టలు, పైఫ్లోర్ అంకుల్‌కు ఆ దుమ్ముతోనే ఊపిరితిత్తులు పాడయినయని డాక్టర్ చెప్పిండు. పిచ్చుకలు మాయం కావడానికి టవర్లు కాదు ఈ పావురాలే కారణమని నా థియరీ, ప్రూఫ్ అడగొద్దు. అసోసియేషన్ మీటింగ్‌ల లేచి గువామ్ కథ మొత్తం చెప్పిన, అందరు చాయ్ తాగి లేచిపోయిండ్రు.

ఇంటికొచ్చి మా అమ్మతోని మాత్రం ఏం అనలేదు. తాత పోయినప్పటి నుంచి ఆమె పొద్దుగాల బాల్కనీల జొన్నలు చల్లుతది, ఆయన పేరు మీద. మొన్న ఆదివారం జొన్నలు అయిపోయినయంటే రెండు కిలోలు తెచ్చిచ్చింది కూడ నేనే.