60 వాట్ల బల్బు నిరోధం: లెక్కకూ మీటరుకూ తేడా ఎందుకు?

నమస్కారమండీ. మీ 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలుగుతున్నప్పుడు 230 వోల్టుల దగ్గర 0.26 ఆంపియర్లు తీసుకుంటోందనీ, దాన్ని హోల్డరు నుంచి తీసి మల్టీమీటరుతో కొలిస్తే నిరోధం 62 ఓమ్‌లే చూపుతోందనీ, రెంటిలో ఏది తప్పో తెలియడం లేదనీ రాశారు. రెండూ సరైనవే.

ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది కనుక, 230ని 0.26తో భాగించండి, సుమారు 885 ఓమ్‌లు. ఆ రెంటినీ గుణిస్తే సామర్థ్యం 59.8 వాట్లు, అంటే బల్బు మీద అచ్చువేసిన అంకెకు సరిపోయినట్టే.

అసలు విషయం టంగ్‌స్టన్ తీగలో ఉంది. వెలిగే బల్బులో అది సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. లోహం వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది గనుక, మీ బల్బులో అది చల్లగా ఉన్నప్పటికంటే 14 రెట్లకు చేరింది. మల్టీమీటరు పంపే అతి స్వల్పమైన కరెంటు తీగను అంతగా వేడెక్కించలేదు కాబట్టి, మీరు చూసినది చల్లని నిరోధం. స్విచ్ వేసిన తొలి క్షణంలో తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కనుక, 230ని 62తో భాగిస్తే వచ్చే 3.7 ఆంపియర్ల దాకా కరెంటు దూసుకుపోతుంది. పాతబడ్డ బల్బులు తరచుగా స్విచ్ వేయగానే టప్పున మాడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అందువల్ల సామర్థ్యం లెక్కలో 62ను వాడకండి. 230 వర్గాన్ని 62తో భాగిస్తే 853 వాట్లు అనే పొంతనలేని జవాబు వస్తుంది. నిరోధం కొలిచేటప్పుడు, మీరు చేసినట్టే, వస్తువును సరఫరా నుంచి పూర్తిగా విడదీయడం తప్పనిసరి.