దర్జీ కొడుకు కటింగ్ నేర్చుకోవాలి

ప్రశ్న: జగిత్యాలలో 25 ఏళ్లుగా జెంట్స్ టైలర్‌గా పనిచేస్తున్నాను. ఇంటర్ పూర్తిచేసిన మా అబ్బాయి కాలేజీలో చేరనని, నా దుకాణంలోనే పని నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. రెడీమేడ్ వచ్చాక నాకే గిరాకీ తగ్గింది. వాడిని ఈ పనిలోకి రానివ్వమంటారా?

జవాబు: మీ భయం సహేతుకమైనదే. రోజువారీ షర్టు, ప్యాంటు కుట్టడంలో రెడీమేడ్ ధరతో చిన్న దుకాణం పోటీపడలేదు. ఆ పనిని మాత్రమే నమ్ముకొని మీ అబ్బాయి జీవితం మొదలుపెట్టడం నాకూ సమ్మతం కాదు. అయితే రెడీమేడ్ సైజులు సగటు శరీరాన్ని బట్టి తయారవుతాయి కనుక ఒక భుజం జారినవారికి, కొంచెం వంగి నిలబడేవారికి, పొట్ట ముందుకు వచ్చినవారికి అవి కుదరవు. పెళ్లి సూటు, షేర్వాణీ వంటివాటిలో ఆ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడ మనిషి నిలబడే తీరును గమనించి గుడ్డ కత్తిరించగల కటింగ్ మాస్టర్ అవసరం. ఆ కటింగ్ నేర్చుకోవడానికైతే మీ అబ్బాయిని రానివ్వండి.

కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు గాని, కత్తెర తప్పితే గుడ్డే పోతుంది. మీరు చేతి అలవాటుతో నేరుగా గుడ్డ మీద సుద్దముక్కతో గీసేసే గీతలను మీ అబ్బాయి మొదట కాగితం మీద గీసి, కత్తిరించి, చవక గుడ్డతో కుట్టి, మనిషికి తొడిగి చూడాలి. పడుగు, అంటే గుడ్డ పొడవునా సాగే దారాలు, నిలువుగా రాకపోతే ప్యాంటు కాలు ఎందుకు మెలి తిరుగుతుందో, నూలు గుడ్డను ముందుగా తడిపి ఆరబెట్టకపోతే ఉతికాక ఎందుకు కురచవుతుందో, విప్పి కుట్టిన పట్టు మీద సూది రంధ్రాలు ఎందుకు మిగిలిపోతాయో అప్పుడే అర్థమవుతుంది. ఇది ఓపికతో కూడిన చదువు. నా దృష్టిలో ఏ డిగ్రీకీ తీసిపోదు.

ఐటీఐలో ఏడాది కాలపు సూయింగ్ టెక్నాలజీ (కుట్టుపని) ట్రేడ్ ఉంది. మీకు దగ్గరలో ఎక్కడ నడుస్తున్నదో విచారించి చేర్పించండి. హైదరాబాద్ మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో చేసే నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ వేరే దారి, ఖర్చు కూడా ఎక్కువ. కాలేజీ మానినంత మాత్రాన డిగ్రీ మానవలసిన పని లేదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీకాం చదివితే దుకాణం లెక్కలకు పనికొస్తుంది.

పెట్టుబడి విషయానికి వస్తే, 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల రూపాయల వరకు రుణం ఇవ్వడం అందులోని ఏర్పాటు. భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిసిన కుటుంబంలో ఒక్కరే అర్హులు కాబట్టి మీ ఇద్దరిలో ఎవరి పేరు పెట్టాలో ముందే ఆలోచించుకొని కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

మరొక మాట. మీ పాత కొలతల పుస్తకాలు ఉంటే పారేయకుండా అతనికి ఇవ్వండి. ఒకే మనిషి కొలతలు ఏళ్ల తరబడి ఎలా మారుతూ వచ్చాయో వాటిలో చూపించి, ఎవరికి ఎక్కడ ఎంత గుడ్డ లోపలికి వదిలారో, ఎందుకు వదిలారో పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి.