మెలోరియా మీద నీ కథ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. 1284 ఆగస్టు 6న ఇటలీలోని పీసా, జెనోవా నగరాల మధ్య జరిగిన మెలోరియా సముద్రయుద్ధాన్ని ఎంచుకున్నందుకు ముచ్చటేసింది. కానీ మొదటి ఆరు పేజీల నిండా కత్తుల ఖణఖణలే! పేర్లు మారిస్తే అది ఏ యుద్ధమైనా కావచ్చు. కొట్టెయ్యి.

ఆ రోజు పీసా ఓడింది లెక్క తప్పి. జెనోవా నౌకాధిపతి ఒబెర్తో డోరియా ఒక వరుసను ముందు నిలిపి, బెనెదెత్తో జకారియా ఓడలను బాగా వెనుక ఉంచాడు. అవి యుద్ధనౌకలా, వెంట వచ్చిన చిన్న పడవలా అన్నది పీసా వాళ్లకు తెలియలేదు. పోరు ముదిరాక పక్క నుంచి వచ్చి మీద పడ్డాయి. కాబట్టి తెడ్డు వేసేవాడి పక్కన కూర్చో. దూరాన ఉన్నవి ఏమిటని అతడు తోటివాడిని అడగాలి. తోటివాడు ఎంతో ధీమాగా తప్పు చెప్పాలి. పైగా అది సెయింట్ సిస్టో పండుగ, పీసాకు కలిసివచ్చిన రోజని వాళ్ల నమ్మకం.

పీసా నౌకాదళ నాయకుల్లో ఒకడైన ఉగోలీనో ద్రోహి అవునా కాదా అన్న తగవు నీకొద్దు. అతడి చావును ఇటలీ కవి డాంటే ఎప్పుడో రాసేశాడు, మనకేమీ మిగల్చలేదు.

నాకు కోపం వచ్చింది చివర్లో. జెనోవాకు చిక్కిన వేలమంది పీసా బందీలకు ఒక్క వాక్యమా? ‘పీసాను చూడాలంటే జెనోవా వెళ్లాలి’ అన్న నానుడి పుట్టింది వాళ్ల వల్లే కదా! రుస్తికెల్లో అనే పీసా రచయిత ఈ యుద్ధంలోనే చిక్కాడని చరిత్రకారులు భావిస్తారు. అంతకుముందు అతడూ నీలాగే రాజుల, వీరుల కథలు రాసేవాడు. 1298లో జెనోవా చెరలో అతడికి ఒక వెనీసు బందీ తోడయ్యాడు. పేరు మార్కో పోలో. అతడు తన ప్రయాణాల గురించి చెబుతుంటే రుస్తికెల్లో రాశాడు. ఆ పుస్తకంలో మన మోటుపల్లి ఉంది, వజ్రాలున్నాయి, న్యాయంగా ఏలే రాణి ఉంది. ఆమె రుద్రమదేవేనంటారు. సాలెగూడు దారంలాంటి సన్నని బట్ట కూడా ఉంది.

పద్నాలుగేళ్లుగా గోడల మధ్య ఉన్నవాడు ఆ బట్ట గురించి విని, రాయడం ఆపి, ‘మళ్లీ చెప్పు’ అని ఉంటాడా? నీ కథ అక్కడ మొదలుపెట్టి చూడు. ఈసారి పెద్ద అక్షరాలతో రాయి, నా చూపు మునుపటిలా లేదు.

నీ
మాస్టారు