పుస్తకం తెరిస్తే టైమర్ నడుస్తున్నట్టుంది

ప్రశ్న: మేడమ్, నాకు 19 ఏళ్లు. మాది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు. నాన్న ప్రభుత్వ బడిలో టీచరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. సైన్సంటే ప్రాణం. చంద్రుడు మనకెప్పుడూ ఒకే ముఖం ఎందుకు చూపిస్తాడని బళ్లో అడిగితే ‘ఇంటర్లో చెప్తార్లే’ అన్నారు. ఇంటర్ విజయవాడలో, రెసిడెన్షియల్ కాలేజీలో. తెల్లారకముందు మొదలై రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్సే. వారం వారం టెస్టు. మార్కులు నాన్న ఫోనుకి మెసేజ్ వెళ్లేవి. తగ్గితే కింది సెక్షన్‌లో వేసేవారు. ర్యాంకు బాగానే వచ్చింది, మంచి చోట బీటెక్ సీటూ వచ్చింది. ఇప్పుడు ఏ పుస్తకం తీసినా రెండు పేజీలు దాటలేకపోతున్నాను. ఎక్కడో టైమర్ నడుస్తున్నట్టు ఉంటుంది. కథల పుస్తకం చదివినా ‘ఇందులో ఇంపార్టెంట్ ఏది’ అని వెతుకుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయింది. నాన్న ‘ఫోను పిచ్చి, బద్ధకం’ అంటున్నారు. తమ్ముడు పదో తరగతి. వాణ్నీ అదే కాలేజీలో చేర్చాలని చూస్తున్నారు. నాలో చదువు మీద ఇష్టం చచ్చిపోయిందా?

జవాబు: తల్లీ, చంద్రుడి గురించి బళ్లో అడిగిన ప్రశ్న నీకింకా గుర్తుంది. జవాబు దొరకలేదన్న వెలితి కూడా ఉంది. లేకపోతే ఇంత చిన్న ఉత్తరంలో దానికి చోటిచ్చేదానివి కాదు. ఇష్టం చచ్చిపోయినవాళ్లకి జవాబు దొరకని ప్రశ్నలు గుర్తుండవు. నీకు జరిగింది వేరు.

ఈఏపీసెట్‌లో మూడు గంటలకి 160 బిట్లు. బిట్టుకి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు వస్తాయి. ఆ కాస్త టైములో ‘అసలిది ఎందుకిలా జరుగుతుంది’ అని ఆగి ఆలోచించే పిల్ల వెనకబడుతుంది. ఫార్ములా పెట్టి ఆప్షన్ నొక్కి ముందుకెళ్లిన పిల్లకి ర్యాంకు వస్తుంది. అంటే రెండేళ్లపాటు నీతో రోజూ చేయించిన సాధన ఒకటుంది: ‘ఎందుకు’ అన్న ప్రశ్న రాగానే దాన్ని అణిచేయడం. నువ్వు తెలివైనదానివి కాబట్టి అదీ బాగా నేర్చుకున్నావు. ఇప్పుడు పుస్తకం తెరవగానే ఆ అలవాటే ముందు లేస్తోంది. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. బద్ధకస్తురాలు పుస్తకం పక్కన పడేసి హాయిగా ఉంటుంది, ఇలా కుమిలిపోతూ ఉత్తరం రాయదు.

దానికి తోడు భాష మారింది. తెలుగులో ప్రేమించిన సైన్సు ఒక్కసారిగా ఇంగ్లిష్ మెటీరియల్‌గా చేతికొచ్చింది. అర్థం చేసుకునే వ్యవధి ఇవ్వకుండా పరుగెత్తించారు. తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లలు ఈ దెబ్బ తింటూనే ఉన్నారు. ‘నాకే తెలివి తక్కువేమో’ అనుకుని బయటికి చెప్పుకోరు.

నీకో విషయం చెప్పాలి. ఐన్‌స్టీన్ అరవై ఏడో ఏట తన జీవితం గురించి రాసుకున్నాడు. జ్యూరిచ్‌లో చదువుకునే రోజుల్లో పరీక్షల కోసం ఇష్టం ఉన్నా లేకున్నా అన్నీ బుర్రలోకి కుక్కుకోవాల్సి వచ్చిందని, చివరి పరీక్ష పాసయ్యాక ఏడాదిపాటు ఏ శాస్త్ర విషయమూ ఆలోచించబుద్ధి కాలేదని అందులో చెప్పాడు. తమ దగ్గర ఆ బలవంతం మిగతా చోట్ల కంటే చాలా తక్కువని, ఉన్నవి మొత్తం రెండే పరీక్షలని కూడా ఆయనే రాశాడు. రెండు పరీక్షలకే ఆయనకి అలా అయితే, వారం వారం పరీక్ష రాసిన నువ్వు ఇలా ఉండటంలో వింతేముంది?

ఇంకొకటి. 1973లో అమెరికాలో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే ఆశ చూపారు. తర్వాత ఏ బహుమతీ లేని రోజుల్లో చూస్తే ఆ పిల్లలు మిగతావాళ్లలో సుమారు సగం సేపే రంగుల జోలికి వెళ్లారు. నీ విషయంలో సర్టిఫికెట్ చోట ర్యాంకుంది, దాంతోపాటు సెక్షన్ మారుస్తారన్న భయమూ ఉంది. ఇప్పుడా రెండూ పోయాయి. చదవడానికి వేరే కారణం మనసుకి తోచడం లేదు.

జ్వరం తగ్గినా కొన్నాళ్లు నోరు చేదుగానే ఉంటుంది. అప్పుడు ఎవరూ విందు భోజనం పెట్టరు, చారన్నంతో మొదలుపెడతారు. నువ్వు మాత్రం తగ్గీ తగ్గకముందే ‘మునుపట్లా ఎందుకు తినలేకపోతున్నాను’ అని నిన్ను నువ్వే కోప్పడుతున్నావు. ఆ కోపం ఆపు.

ముందు కాలేజీ చదువునీ నీ ఇష్టాన్నీ విడదీయి. పోయిన సబ్జెక్టు రాసి పాసవ్వాలి, అందులో సందేహం లేదు. దానికి ప్రేమ అక్కర్లేదు. రోజూ ఒక గంట, వీలైతే స్నేహితురాలితో కలిసి, పాత ప్రశ్నపత్రాలు పెట్టుకుని కూర్చో. ఉద్యోగంలా చేసి లేచి వచ్చెయ్. ఇష్టంగా చదవలేకపోతున్నానన్న బాధని ఆ గంటలోకి రానీయకు.

ఇష్టానికి వేరే వేళ ఉండాలి, దానికి గడియారం ఉండకూడదు. చంద్రుడితోనే మొదలుపెట్టు. గది మధ్యలో కుర్చీ వేసి, ముఖం దానివైపే ఉంచి దాని చుట్టూ నడువు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి నీ ముఖం నాలుగు గోడలవైపూ తిరిగి ఉంటుంది. అంటే కుర్చీకి ఒకే ముఖం చూపిస్తూనే నువ్వు నీ చుట్టూ నువ్వు కూడా ఒకసారి తిరిగావు. చంద్రుడు చేసేదీ ఇదే, సుమారు 27 రోజులకి ఒకసారి. మరి ఈ రెండు తిరుగుళ్లూ అంత కచ్చితంగా ఎలా కుదిరాయి? అది నేను చెప్పను. తెలుసుకోవాలనిపిస్తే వెతుకు, తెలుగులోనే వెతుకు. అనిపించకపోతే వదిలెయ్. నోట్సు రాయకు. ఎవరికీ చూపించకు. సగంలో ఆపేసినా తప్పు లేదు. రెండేళ్లుగా ఏ పేజీనీ మధ్యలో ఆపే హక్కు నీకు లేకుండా పోయింది, అది తిరిగి తీసుకో. చేతులతో చేసే పని ఏదైనా, కుట్టుపనో మొక్కలో, మార్కులు పడనిది పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, పుస్తకాలే కాదు మనుషులూ పాటలూ కూడా రుచించకపోవడం రెండు వారాలకి మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకి చూపించుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక నాన్న. ఆయన మీద కోపం పెంచుకోకు. ఆ మెసేజ్‌లు ఆయన్నీ భయపెట్టి ఉంటాయి. ఫోను గురించి గొడవ వచ్చినప్పుడు కాకుండా, తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పు. ‘నాన్నా, నువ్వు కట్టిన ఫీజు వృథా కాలేదు, ర్యాంకు వచ్చింది. కానీ పుస్తకం చూస్తే నాకు భయమేస్తోంది. నీ క్లాసులో ఏ పిల్లయినా ఇలా చెబితే బద్ధకమని అంటావా?’ అని అడుగు. టీచరుగా ఆలోచిస్తే ఆయనకి అర్థమవుతుంది. ఒక్క మాటతో కాకపోతే అమ్మనీ కూర్చోబెట్టుకుని మళ్లీ చెప్పు.

తమ్ముడి గురించి నీ ఆందోళన న్యాయమైనదే. ‘అక్కడ చేర్చొద్దు’ అని మొండికేస్తే మాట నిలవదు. అందుకని ఫీజు కట్టేలోపు ఒక ఆదివారం నాన్నతో కలిసి ఆ క్యాంపస్‌కి వెళ్లండి, తమ్ముణ్నీ తీసుకెళ్లండి. ఆదివారం పిల్లలు గదుల్లో ఉన్నారా, గ్రౌండులో ఉన్నారా చూడండి. ఎన్ని గంటలు నిద్రపోనిస్తారో, మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారో లేదో, ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపిస్తారో ఆఫీసులో కాదు, అక్కడి పిల్లల్నే అడగండి. ఇంటి నుంచి వెళ్లొచ్చే దూరంలో ఉన్న జూనియర్ కాలేజీని కూడా అదే వారంలో చూసి రండి. రెండూ చూశాక వాడేమంటాడో నాన్న ముందే వాణ్ని చెప్పనివ్వు.