ప్రతి ఫైలుకూ లాక్ అవసరమా?

ప్రశ్న: మా బృందంలో ఇద్దరు ఒకే ఫైలును మార్చినప్పుడల్లా ఘర్షణలు తలెత్తుతున్నాయి. ఫైళ్లలో చేసే మార్పులను భద్రపరిచే సబ్‌వర్షన్‌ వ్యవస్థలో అన్ని ఫైళ్లకూ లాక్ (ఒకరు మారుస్తుండగా మరొకరు మార్పులు చేర్చకుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి చేద్దామని మా టీమ్ లీడర్ అంటున్నారు. అది సరైన మార్గమేనా?

జవాబు: అన్నింటికీ అయితే కాదు. సోర్స్ కోడ్ వరుసలుగా ఉండే పాఠ్యం కాబట్టి, ఇద్దరు వేర్వేరు చోట్ల మార్పులు చేస్తే సబ్‌వర్షనే వాటిని కలిపేస్తుంది. చిత్రాలు, ధ్వని ఫైళ్ల వంటి బైనరీ ఫైళ్లను అలా కలపడం సాధ్యం కాదు గనుక ఎవరో ఒకరి శ్రమ వృథా అవుతుంది. 2005లో వచ్చిన 1.2 వెర్షన్‌లో లాక్ సదుపాయం చేర్చింది ముఖ్యంగా వీటి కోసమే. వాటికి ‘నీడ్స్-లాక్’ గుణాన్ని జోడిస్తే, లాక్ తీసుకునేదాకా అవి చదవడానికి మాత్రమే వీలుగా ఉంటాయి.

అయితే లాక్ కాపాడేది ఫైలునే తప్ప ప్రోగ్రామ్‌ను కాదు. మీరు ఒక ఫైలులో ఫంక్షన్ పారామీటర్ల (దానికి అందించే విలువల) క్రమాన్ని మార్చిన రోజునే మీ సహోద్యోగి మరో ఫైలులో దాన్ని పాత క్రమంలో వాడితే, ఇద్దరి లాకులూ సక్రమంగానే ఉన్నా ప్రోగ్రామ్ చెడుతుంది. ఆ మార్పు గురించి ముందే చెప్పుకోవలసిందే. లాక్ వేసి సెలవుపై వెళ్లినవారి లాక్‌ను బలవంతంగా తొలగించే వీలున్నా, ముందు వారిని అడగడమే మేలు. కోడ్ ఫైళ్లలో ఘర్షణలు తగ్గాలంటే చిన్న చిన్న మార్పులను వెంటవెంటనే కమిట్ చేయండి (అంటే సబ్‌వర్షన్‌లో చేర్చండి). ఎప్పుడూ ఒకే ఫైలు చిక్కులు తెస్తుంటే, దాన్ని విడగొట్టే విషయం బృందంతో చర్చించండి.